సైటుకు వస్తున్నారు, కొనకుండా వెళ్తున్నారు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి. డబ్బు పెట్టి వెబ్‌సైట్ చేయించుకున్నాం, చూడ్డానికి బాగానే ఉంది, దానివల్ల బేరం మాత్రం రావట్లేదు అని. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి నాలుగు మాటలు చాలు.

ప్రశ్న: మాది మంగళగిరి. తాతల నాటి నుంచీ చేనేతే. అత్తయ్య, మామయ్య నేస్తారు, అమ్మకం నేను చూసుకుంటాను. పోయినేడు వెబ్‌సైట్ పెట్టించాం. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర వీడియో పెడితే వేలల్లో చూస్తున్నారు, లింకు నొక్కి సైటుకు కూడా వస్తున్నారు. ఆర్డర్లు మాత్రం లేవు. కొందరు వాట్సాప్‌లో ధర అడిగి, చెప్పాక మాయమైపోతున్నారు. డిజైన్ మొత్తం మార్పిస్తే ఫలితం ఉంటుందంటున్నారు డెవలపర్లు. మార్పించమంటారా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఇప్పుడే మార్పించకండి. ఉన్న సైటులోనే సరిచేసుకోవాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో సగం మీరే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

మీరు పంపిన లింకును ఫోన్లోనే తెరిచి చూశాను, ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్ నుంచి మీ దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ చూసేది ఫోన్లోనే. ముందు లోగో తిరిగింది, తర్వాత మగ్గం ఫొటో వచ్చింది, దాని మీద సంప్రదాయం గురించి ఒక పెద్ద వాక్యం, అది చదివేలోపే పక్కకు జరిగి ఇంకో ఫొటో. చీరలు ఎక్కడో కింద ఉన్నాయి. ఒక చీర నొక్కితే ఒకే ఒక్క ఫొటో, దాని కింద 'ధర కోసం సంప్రదించండి'. అంతే, ఇంకేమీ లేదు.

ఇప్పుడు కొనేవాళ్ల వైపు నుంచి చూడండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒకావిడ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ మెట్రోలో మీ వీడియో చూసింది. ఆవపిండి రంగు చీర, నిజాం అంచు. నచ్చింది, లింకు నొక్కింది. ఆవిడ మనసులో ఉన్నది ఆ ఒక్క చీరే, కానీ మీ లింకు ఆవిణ్ణి తీసుకెళ్లి సైటు మొదటి పేజీలో వదిలిపెట్టింది. ఉన్న వాటిలో ఆ చీర ఎక్కడుందో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? కాబట్టి మొట్టమొదట చేయాల్సింది ఇది. ఏ చీర వీడియో పెడితే ఆ చీర పేజీ లింకే ఇవ్వండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఆ పేజీకి వచ్చాక ఆవిడకు వరసగా కొన్ని సందేహాలు వస్తాయి. ధర ఎంత, నూలేనా ఏదైనా కలిపారా, పైట ఎలా ఉంటుంది, జాకెట్టు గుడ్డ ఉందా, రంగు నిజంగా ఇదేనా, ఎప్పటికి చేరుతుంది, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, అసలు వీళ్లు నిజమైన మనుషులేనా. ఈ వరసలోనే పేజీ నడవాలి. ఒక్కో సందేహం తీరేకొద్దీ ఆవిడ వేలు కిందకి జరుగుతుంది. ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా అక్కడే ఆగిపోతుంది, ఆగిపోయిన మనిషి మళ్లీ రావడం చాలా అరుదు.

ధర దాచడం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. పక్కవాళ్లు చూసి తగ్గించి అమ్ముతారని మీ భయం, అది నాకు అర్థమవుతోంది. కానీ పక్కవాళ్లు ఎలాగూ వాట్సాప్‌లో అడిగి తెలుసుకుంటారు. నష్టపోయేది కొనేవాళ్లు. ధర అడగాలంటే ఆవిడ తన ఫోన్ నంబరు ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఇవ్వాలి, అడిగాక కొనకపోతే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఒకటి. అందుకే చాలామంది అడగరు. ధర పెట్టేయండి, పోస్టు ఖర్చు కలిపి చేతికొచ్చేసరికి ఎంతవుతుందో కూడా అక్కడే చెప్పండి. చివరి మెట్టులో డెలివరీ ఛార్జీ అంటూ కొత్త అంకె కనబడితే అప్పటిదాకా కుదిరిన మనసు కూడా విరిగిపోతుంది.

ఫొటోలు. దీని మీద మీరు ఒక పూట గడిపినా తక్కువే. ఉదయం పూట వరండాలో, ఎండ నేరుగా పడని చోట తీయండి, ఫిల్టర్లు వద్దు. మడత చీర ఒకటి, పైట పూర్తిగా పరిచినది ఒకటి, అంచు దగ్గరగా, పక్కన మీ చెయ్యి పెట్టి తీసినది ఒకటి, అప్పుడే అంచు ఎంత వెడల్పో తెలుస్తుంది. ఎవరైనా కట్టుకుని నిలబడ్డది ఒకటి. అన్నిటికన్నా ముఖ్యంగా చీర తిరగేసి జరీ వెనకవైపు తీసినది ఒకటి పెట్టండి. చేనేత గురించి తెలిసినవాళ్లు కొట్లో అయినా మొదట చేసేది అదే, కొస తిరగేసి చూడటం. ఆ ఫొటో పెట్టిన సైట్లు చాలా తక్కువ, పెట్టినవాళ్ల మీద నమ్మకం వెంటనే కలుగుతుంది.

రాసేటప్పుడు 'అద్భుతమైన', 'రాజసం ఉట్టిపడే' లాంటివి తీసేసి వివరం రాయండి. గుంట మగ్గం మీద నేసినది, నూలు ఎన్నో కౌంటు, జరీ టెస్టెడ్ జరీయా హాఫ్‌ఫైన్ జరీయా, చీర ఎన్ని మీటర్లు, జాకెట్టు గుడ్డ అందులో కలిసి ఉందా లేదా, మొదటిసారి ఎలా ఉతకాలి. చేతి నేతలో అక్కడక్కడ పోగు ముడి కనబడుతుందని కూడా ముందే చెప్పి, దాని ఫొటో కూడా పెట్టేయండి. ముందే చెబితే అది చేతిపనికి గుర్తు, చీర ఇంటికెళ్లాక కనబడితే అదే ఫిర్యాదు అవుతుంది. నిజమైన చేనేత అని ప్రభుత్వం ఇచ్చే హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ మీకు ఉంటే దాన్ని మొదటి పేజీ అడుగున కాకుండా చీర పక్కనే చూపించండి.

బటన్ ఒక్కటే పెద్దదిగా ఉండాలి: 'ఈ చీర కొంటాను'. దాని కింద చిన్నగా 'వాట్సాప్‌లో అడగండి'. ఇప్పుడు మీ పేజీలో షేర్, విష్‌లిస్ట్, కంపేర్, సబ్‌స్క్రైబ్ అన్నీ ఒకే సైజులో ఉన్నాయి, ఏది నొక్కాలో తెలియదు. వాట్సాప్ లింకులో ముందే మెసేజ్ రాసిపెట్టే వీలుంది, అందులో చీర నంబరు వచ్చేలా పెట్టించండి, అప్పుడు ఆవిడ 'హాయ్' అని పంపడం, మీరు ఏ చీరమ్మా అని అడగడం తప్పుతుంది.

మీ సరుకులో ఇంకో సంగతి ఉంది. ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. అమ్ముడైన చీర పేజీ తీసేస్తే పాత వీడియో చూసి వచ్చినవాళ్లకు ఖాళీ పేజీ కనబడుతుంది. తీసేయకండి. 'ఇది అమ్ముడైంది, ఇలాంటిదే నేసివ్వాలంటే ఇన్ని రోజులు పడుతుంది' అని రాసి, కింద అదే రంగులో ఉన్న మరో రెండు చీరలు చూపించండి. మగ్గం ఇంట్లోనే ఉన్న మీలాంటివాళ్లు తప్ప పెద్ద దుకాణాలు ఇవ్వలేని మాట అది.

డబ్బు కట్టే చోట కూడా చూశాను. ముందు అకౌంటు తెరవమంటోంది, పాస్‌వర్డ్ పెట్టమంటోంది. అది తీసేయించండి, పేరు, చిరునామా, ఫోన్ చాలు. తర్వాత క్యూఆర్ కోడ్ వచ్చింది. ఫోన్లో కొనే మనిషి తన ఫోన్ స్క్రీన్ మీద ఉన్న కోడ్‌ను తన ఫోన్‌తోనే ఎలా స్కాన్ చేస్తుంది? స్క్రీన్‌షాట్ తీసి, యాప్ తెరిచి, గ్యాలరీ నుంచి ఎక్కించి... అంత తిప్పలు పడరు. ఫోన్లో చూస్తున్నప్పుడు నొక్కగానే యూపీఐ యాప్ నేరుగా తెరుచుకునేలా చేయమని డెవలపర్‌కు చెప్పండి, కోడ్ కంప్యూటర్లో చూసేవాళ్లకు ఉంచండి.

ఇక, వీళ్లు నిజమైనవాళ్లేనా అన్న సందేహం. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అమ్మేవాళ్ల అసలు పేరు, చిరునామా, ఫోన్, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు సైటులో ఉండాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలే చెప్తున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చాలామంది దీన్ని భారంగా చూస్తారు గానీ, ఆ వివరాలే కొనేవాళ్లకు ధైర్యం. మీ అత్తయ్యగారు మగ్గం దగ్గర కూర్చున్న ఫొటో కూడా ఇక్కడికి తీసుకురండి, ఈ చీర వీరు నేశారు అని. కొట్లోకి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఇంటి చరిత్ర చెప్పరు కదా, ముందు చాప వేసి చీర పరుస్తారు, ఆ తర్వాతే మాటల్లో ఇవన్నీ వస్తాయి.

చివరగా బరువు. మీ ఫొటోలు ఫోన్లో తీసినవి తీసినట్టే ఎక్కించేశారు, ఒక్కోటి ఐదారు ఎంబీ ఉంది. వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి, రెండు మూడు వందల కేబీకి తగ్గించండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని గూగుల్‌దే ఉచిత సాధనం ఉంది, అందులో మీ చీర పేజీ లింకు వేసి చూడండి, ఏది బరువో అదే చెప్తుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్న. పన్నెండు పేజీల వెబ్‌సైట్ చేసిస్తం, గూగుల్ల ఫస్టు వస్తరు అని ఒకాయన వెంట పడుతున్నడు. మా అసుంటోళ్లకు అవసరమా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పన్నెండు పేజీలు అవసరం లేదన్నా. గూగుల్లో మొదట వస్తుందని హామీ ఇచ్చేవాళ్లను అసలే నమ్మొద్దు, మామూలు ఫలితాల్లో చోటును గూగుల్ డబ్బుకు అమ్మదు.

ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి. ఉచితం. షాపు పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే, టైమింగ్స్, ఫోన్ నంబరు, షాపు ముందు నిలబడి తీసిన ఫొటో. పని నచ్చినవాళ్లను రివ్యూ రాయమని అడగండి, రాసిన ప్రతిదానికీ, తిట్టినా సరే, మర్యాదగా జవాబివ్వండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడి నుంచే ఫోన్ చేస్తారు.

దాని తర్వాత ఒక్క పేజీ సైటు చాలు. నాటు టైంలో సబ్‌మెర్సిబుల్ కాలిపోయిన రైతు దాన్ని తెరిచాడనుకోండి. ఆయన ఎంత టెన్షన్లో ఉంటాడో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆయనకు కావలసినవి: షాపు ఇప్పుడు తెరిచి ఉందా, మా మండలానికి వచ్చి మోటార్ తీస్తారా లేక మేమే తెచ్చుకోవాలా, 5 హెచ్‌పీకి ఎంత, 7.5 హెచ్‌పీకి ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, రాగి తీగేనా, గ్యారంటీ ఎంతకాలం. ఇవి పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయించండి. స్క్రీన్ అడుగున కదలకుండా ఒక్క బటన్, నొక్కితే ఫోన్ మోగాలి. ఫారాలు నింపించడం, ఈమెయిల్ అడగడం ఇలాంటి పనికి పనికిరావు. ఎంత పైకీ కిందకీ జరిపినా ఆ కాల్ బటన్ బొటనవేలి కింద ఉండాలి, నా దృష్టిలో మీ సైటంతా ఆ ఒక్క బటనే.

ప్రశ్న: రాజమండ్రిలో పచ్చళ్లు, పొడులు చేసి పంపుతాం. కొనేవాళ్లు కొందరు ఇక్కడివాళ్లు, కొందరు అమెరికాలో ఉండే మనవాళ్లు. సైటు తెలుగులో పెట్టాలా ఇంగ్లీషులో పెట్టాలా అని ఇంట్లో రోజూ గొడవే. తెలుగు పేజీ ఒకటి చేయించాం గానీ గూగుల్లో అస్సలు దొరకట్లేదు, ఫోన్లో అక్షరాలు మసగ్గా ఉంటున్నాయి.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ పెట్టండి. గొడవ ఆ రెండు భాషల మధ్య లేదండీ, ఆ తెలుగు పేజీ తయారైన తీరులో ఉంది. ఆ పేజీలో ఉన్నది మీ కరపత్రం మ్యాటరే, దాన్ని డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైప్ చేశారు. ఆ మ్యాటర్ నేరుగా సైటులో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వచ్చి ఉంటాయి, అందుకని డెవలపర్ పేజీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పెట్టేశారు. అక్షరాలు బొమ్మలో ఉన్నాయి కాబట్టి గూగుల్ దాన్ని పేజీలా చదవదు, పెద్దది చేసి చూస్తే మసకబారుతుంది, కళ్లు కనబడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపించలేదు, ధర మారితే మళ్లీ డీటీపీ షాపుకు పరుగెత్తాలి. అను నుంచి యూనికోడ్‌కు (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి అది) మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒకసారి ఒత్తులు, పొల్లులు కళ్లతో చదివి సరిచేసుకోండి, కొన్ని తప్పకుండా తేడా పడతాయి.

ఫాంటు విషయంలో డబ్బు ఖర్చు పెట్టకండి. మండలి, మల్లన్న, నోటో సాన్స్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. చదివే మ్యాటర్‌కు సాదాగా ఉండేది ఒకటి ఎంచుకోండి, పెళ్లి కార్డు అక్షరాలు పేరు దగ్గర ఒక్కచోట ఉంటే చాలు. ఇంగ్లీషు కోసం చేసిన డిజైన్‌లో తెలుగు పోస్తే వరసలు ఒకదానికొకటి తగులుకుంటాయి, పై వరస ఒత్తు కింద వరస గుడి మీద పడుతుంది. వరసల మధ్య ఖాళీ ఇంకొంచెం పెంచమనండి, అక్షరం కూడా ఒక సైజు పెద్దది చేయమనండి. ఇంగ్లీషు పేజీని ఆటోమేటిక్ అనువాదంతో తెలుగు చేసి వదిలేయడం మాత్రం వద్దు. పచ్చడి పేర్లకే అర్థం మారిపోతుంది, అది చదివిన పెద్దవాళ్లకు మీ పచ్చడి మీద కూడా అనుమానం వస్తుంది.

మనవాళ్లు వెతికే తీరు కూడా గమనించండి. ఆవకాయ, గోంగూర, కందిపొడి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లే ఎక్కువ, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్. కాబట్టి ఇంగ్లీషు పేజీలో 'మామిడికాయ ఊరగాయ'ను అనువదించి మాత్రమే వదిలేయకుండా మన పేరు కూడా ఆ అక్షరాల్లో రాయండి. రెండు భాషల పేజీలకూ ఒకదాని నుంచి ఒకదానికి వెళ్లే లింకు పైనే కనబడాలి, తెలుగుకు 'తెలుగు' అనే రాసి ఉండాలి, జెండా బొమ్మలు పెట్టకండి.

ఇప్పుడు అసలు విషయం. పచ్చడి కొనేవాళ్లకు భాష కన్నా ముందు తేలాల్సినవి ఉన్నాయి, మీ సైటులో అవి ఒక్కటీ లేవు. వెల్లుల్లి వేసిందా వేయనిదా? ఇది చాలా ఇళ్లలో మొదటి ప్రశ్న, ప్రతి సీసా పేరు పక్కనే ఉండాలి, వీలైతే 'వెల్లుల్లి లేనివి' అని విడిగా ఒక వరస పెట్టండి. నువ్వుల నూనా వేరుశనగ నూనా, కారం ఏ ఊరిది, ఎప్పుడు కలిపారు, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలా. 250 గ్రాములు, 500 గ్రాములు, కేజీ ధరలు ఒకే చోట. ఆహార భద్రతను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన నంబరు, ఆ 14 అంకెలు, సీసా మీద ఉన్నట్టే సైటులోనూ కనబడాలి.

అమెరికా ఆర్డర్లకు ఒక పేజీ విడిగా చేయండి. అక్కడివాళ్ల సందేహాలు వేరు. కొరియర్ ఖర్చు కేజీ లెక్కన ఎలా పడుతుంది, కనీసం ఎన్ని కేజీలు తీసుకుంటే గిట్టుబాటు, ఎన్ని రోజులు, కస్టమ్స్ పన్ను పడితే ఎవరు కట్టాలి, దారిలో సీసా పగిలితే ఏం చేస్తారు, ఏవి పంపలేరు. సీసాను ఎలా చుట్టి ప్యాక్ చేస్తారో మూడు ఫొటోలు పెట్టండి. నూనె కారి సూట్‌కేస్ పాడైన అనుభవం మన ఇళ్లలో ఎవరికి లేదు? ఆ మూడు ఫొటోలు చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: పిల్లల బట్టలు అమ్మే సైటు మాది. 'ఇంకా రెండే ఉన్నాయి', 'పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది' అని గడియారం పెడితే అమ్మకాలు పెరుగుతాయని డెవలపర్ అంటున్నారు. నిజానికి స్టాకు బోలెడు ఉంది. పెట్టొచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెట్టకండి. మొదటి కారణం, అది అబద్ధం. రెండోది, చట్టం ఒప్పుకోదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో 13 రకాల మోసపు డిజైన్లను పేరు పెట్టి మరీ చెప్పింది. లేని తొందర పుట్టించడం ఆ జాబితాలో మొట్టమొదటిది. అడక్కుండానే బుట్టలో ఇంకో వస్తువో విరాళమో వేయడం, 'వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు' లాంటి బటన్లతో సిగ్గుపడేలా చేయడం, ముందు ఒక ధర చూపించి చివర్లో ఇంకోటి కలపడం, చేరడం సులువు చేసి మానుకోవడం కష్టం చేయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టెతో ఒప్పుకున్నట్టు రాసుకోవడాన్ని 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా వద్దన్నాయి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ సైటులో కొనేది తల్లులు. వాళ్లు రేపు ఉదయం మళ్లీ తెరిచినప్పుడు అదే గడియారం మళ్లీ పది నిమిషాల నుంచి మొదలైతే ఇక మీరు చెప్పే ఏ మాటా నమ్మరు, స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఆ మాట చెప్పేస్తారు కూడా. స్టాకు నిజంగా రెండే ఉంటే రాయండి, అది వాళ్లకు ఉపయోగపడే సమాచారం. సంక్రాంతికి అందాలంటే ఏ తేదీలోపు ఆర్డర్ పెట్టాలో నిజంగా రాయండి, అంతకన్నా మంచి తొందర ఏముంటుంది?

మీకు ఆ గడియారం కన్నా ఎక్కువ పని చేసేది సైజుల పట్టిక. '4-5 ఏళ్లు' అంటే ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. ఛాతీ, పొడవు సెంటీమీటర్లలోనూ అంగుళాల్లోనూ ఇచ్చి, 'మీ పాప దగ్గరున్న గౌను నేల మీద పరిచి ఇలా కొలవండి' అని ఒక ఫొటో పెట్టండి. సైజు సరిపోకపోతే మార్చి ఇస్తామన్న మాట బటన్ పక్కనే ఉండాలి, అడుగున షరతుల పేజీలో కాదు.

ప్రశ్న: మా సైటు పేరు (డొమైన్), దాన్ని ఉంచే హోస్టింగ్ అన్నీ డెవలపర్ పేరు మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తట్లేదు. రెన్యువల్ దగ్గర పడుతోంది.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈ ఒక్క పని ఈ వారంలోనే చూసుకోండి. ఆయనకు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి, డొమైన్‌ను మీ పేరు మీద ఉన్న అకౌంటుకు మార్చమని, బదిలీకి కావలసిన ఆథ్ కోడ్ ఇవ్వమని. మీరు డబ్బు కట్టిన బిల్లులు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. డొమైన్లు అమ్మే ఏ కంపెనీ (రిజిస్ట్రార్) దగ్గర కొన్నారో హూయిజ్ అనే ఉచిత వెబ్ సేవలో తెలుస్తుంది, వాళ్లకు కూడా రాయండి. కొత్తగా సైటు పెట్టబోయే పాఠకులందరికీ కూడా చెప్తున్నా, డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో, మీరే కొనండి. డెవలపర్‌కు వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వండి.

ప్రశ్న: విశాఖలో ఇళ్లకు ఇంటీరియర్స్ చేస్తాం. ప్రకటనలకు నెల నెలా ఖర్చు పెడుతున్నాం, సైటుకు జనం వస్తున్నారు, ఎంక్వైరీ ఫారం నింపేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సైటు బాగుందో లేదో తెలుసుకోవడం ఎలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బాగుందా అని ఎవరినీ అడగకండి. అడిగితే బాగుందనే అంటారు. ఒక పని చెప్పి, చేస్తుంటే పక్కన కూర్చుని చూడండి.

మీ వ్యాపారంతో సంబంధం లేనివాళ్లను ఐదుగురిని పట్టుకోండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు కావచ్చు, మీ పిన్నిగారు కావచ్చు, ఈమధ్యే ఫ్లాటు కొన్న స్నేహితుడైతే మరీ మంచిది. ఐదుగురు చాలునని డిజైన్ పరిశోధకుడు జేకబ్ నీల్సన్ 2000లోనే వాదించారు, పెద్ద ఇబ్బందులన్నీ దాదాపుగా ఆ ఐదుగురి దగ్గరే బయటపడతాయి. వాళ్ల ఫోన్‌లోనే సైటు తెరిచి ఇవ్వండి. 'మధురవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొన్నావు, వంటగదికి ఎంతవుతుందో కనుక్కో' అని చెప్పి మీరు మాట్లాడటం ఆపేయండి. ఇది కష్టం. వాళ్లు తప్పు చోట నొక్కుతుంటే 'అది కాదు, పైన మూడు గీతలు ఉన్నాయి చూడు' అనాలనిపిస్తుంది. అనొద్దు. రేపు నిజంగా వచ్చే కస్టమర్ పక్కన మీరు ఉండరు. వాళ్ల బొటనవేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వెళ్లింది, ఏ మాట రెండుసార్లు చదివారు, అది కాగితం మీద రాసుకోండి.

నేను చూసినంతలో మీ సైటులో వాళ్లు ఆగిపోయేది ఇక్కడ అనుకుంటున్నాను. మీ మెనూలో 'సొల్యూషన్స్', 'ఎక్స్‌పీరియన్స్', 'అవర్ ప్రాసెస్' అని ఉన్నాయి. వచ్చిన మనిషి వెతుకుతున్నది వంటగది, వార్డ్‌రోబ్, పూజ గది, పిల్లల గది. ఆ పేర్లే పెట్టండి. ఫొటోలన్నీ కంప్యూటర్లో చేసిన త్రీడీ బొమ్మలు. మీరు నిజంగా చేసిన ఇళ్ల ఫొటోలు, యజమాని అనుమతితో, పనికి ముందు, తర్వాత, పక్కపక్కన పెట్టండి. గాజువాకలో రెండు, సీతమ్మధారలో ఒకటి అని ప్రాంతం రాయండి. ఏ ప్లైవుడ్ వాడారు, ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని వారాలు పట్టింది, మొత్తం ఎంతయింది. ఇంటిని చూడకుండా ధర ఎలా చెప్తామని మీరు అనొచ్చు. ఖచ్చితమైన ధర అక్కర్లేదు, ఇంత నుంచి ఇంత వరకు అంటే చాలు. అసలు అంకె లేకపోతే జనం మనకు అందదులే అనుకుని వెళ్లిపోతారు.

ఫారంలో పదకొండు గడులు ఉన్నాయి. పుట్టిన తేదీ ఎందుకండీ? పేరు, ఫోన్, ఏ ఏరియా, ఏ గదులు, ఈ నాలుగు ఉంచి మిగతావి ఫోన్లో మాట్లాడేటప్పుడు అడగండి. 'సబ్మిట్' తీసేసి 'నాకు ఫోన్ చేయండి' అని రాయండి, కింద చిన్నగా ఏ వేళల్లో, ఎంతసేపట్లో చేస్తారో చెప్పండి. ఆ నంబరును వేరే కంపెనీలకు ఇవ్వమని కూడా రాయండి, రాశాక ఆ మాట మీద నిలబడండి. లేత బూడిద రంగు మీద తెల్ల అక్షరాలున్న ఆ బటన్ ఎండలో నిలబడి చూస్తే కనబడదు, ముదురు రంగు వేయించండి. ప్రకటనలో 'మాడ్యులర్ కిచెన్' అని చెప్పినప్పుడు నొక్కినవాళ్లు వచ్చి పడాల్సింది వంటగదుల పేజీలోనే, మొదటి పేజీలో కాదు. ఇవి మార్చేదాకా ప్రకటనల ఖర్చు తగ్గించుకోండి.

ఇంకొకటి. ఫారం నింపితే ఆ వివరాలు ఎక్కడికి వెళ్తున్నాయో చూశారా? డెవలపర్ పరీక్ష కోసం పెట్టుకున్న తన ఈమెయిల్‌కే ఏడాదిగా వెళ్తున్న సైట్లు, స్పామ్ ఫోల్డర్‌లో పడి ఎవరూ తెరవని సైట్లు నేను చూశాను. ఇది చదవగానే మీ ఫారం మీరే వేరే నంబరుతో నింపి పంపండి. పది నిమిషాల్లో మీ ఫోన్‌కు రాకపోతే మిగతా మార్పులన్నిటికన్నా ముందు అది సరిచేయించండి.